స్పైనా బైఫిడా: గర్భానికి ముందు నుంచి బిడ్డ బడికి వెళ్లే వరకు ఏ దశలో ఏం చేయాలి

పిండం ఏర్పడిన తొలి వారాలలో దాని వీపు వైపున ఉండే పలుచని కణాల పొర, తమలపాకు చుట్టుకున్నట్టు రెండంచులూ కలిసేలా ముడుచుకొని ఒక గొట్టంగా మారుతుంది. దీనిని నాడీ నాళం అంటారు. దాని పైభాగం మెదడుగా, కిందిభాగం వెన్నుపాముగా ఎదుగుతాయి. పై కొన మూసుకోకపోతే పుర్రె పైకప్పు, మెదడులో అధిక భాగం ఏర్పడని అనెన్‌సెఫలీ వస్తుంది. పుర్రెలో సందు మిగిలి మెదడు, దాని పొరలు బయటికి ఉబికితే ఎన్‌సెఫలోసీల్ అంటారు. వెన్ను వెంట ఎక్కడైనా, ఎక్కువగా నడుము ప్రాంతంలో, మూసుకోకపోతే వచ్చేది స్పైనా బైఫిడా. ఈ గొట్టం మూసుకోవడం అండం ఫలదీకరణ చెందిన 28 రోజులకల్లా పూర్తవుతుంది. చివరి నెలసరి నుంచి లెక్కిస్తే అది ఆరో వారం, అంటే నెల తప్పిన తరువాత దాదాపు రెండు వారాలు. చాలామంది స్త్రీలు మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేది ఆ తరువాతనే.

ఈ లోపాల విషయంలో ప్రతి పనికీ ఒక గడువు ఉంటుంది. మాత్ర వేసుకోవడానికి, స్కాన్ తీయించడానికి, గర్భవిచ్ఛిత్తికి చట్టం ఇచ్చే అవకాశాన్ని వాడుకోవడానికి, పుట్టిన బిడ్డ వీపును మూయించడానికి, మూత్రపిండాలను కాపాడుకోవడానికి వేర్వేరు గడువులున్నాయి. గడువు దాటిన తరువాత ఎంత డబ్బు పెట్టినా మొత్తం తిరిగి రాదు. అందుకే ఈ వ్యాసాన్ని కాలక్రమంలో రాశాను. మీరు ఇప్పుడు ఏ దశలో ఉన్నారో చూసుకొని అక్కడి నుంచి చదువుకోవచ్చు.

గర్భానికి ముందు: మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలి

పిల్లలు కావాలనుకున్న రోజు నుంచే, కనీసం గర్భం రావడానికి ఒక నెల ముందు నుంచి, ఈ లోపాల ముప్పును తగ్గించే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను రోజుకు 400 మైక్రోగ్రాముల మోతాదులో మొదలుపెట్టి, పన్నెండో వారం దాటే వరకు ఆపకుండా వేసుకోవాలి. గర్భం ఎప్పుడు వస్తుందో ముందే చెప్పలేము కాబట్టి, గర్భ నిరోధానికి ఏమీ వాడని కొత్త దంపతుల విషయంలో పెళ్లయిన నాటి నుంచే మొదలుపెట్టడం మేలు. రక్తహీనత నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అయితే అది నాలుగో నెల నుంచి రోజూ ఇచ్చేది కనుక నాడీ నాళం మూసుకునే సమయానికి అందదు. గర్భానికి ముందు, మొదటి మూడు నెలలలో వేసుకోవలసిన 400 మైక్రోగ్రాముల మాత్రను ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడిగి తీసుకోండి, లేదా మందుల షాపులో కొనుక్కోండి. ఖరీదైన మిథైల్ ఫోలేట్ బిళ్లలు వాడమని ఎవరైనా సలహా ఇస్తే, నాడీ నాళ లోపాలను తగ్గిస్తుందని పెద్ద అధ్యయనాలలో రుజువైనది మామూలు ఫోలిక్ యాసిడే అన్న సంగతి గుర్తుంచుకోండి.

ఆ రుజువు చాలా గట్టిది. అంతకుముందే ఒక బిడ్డకు ఈ లోపం వచ్చిన స్త్రీలపై బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాలలో జరిపిన అధ్యయనంలో, రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వల్ల లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా కనిపించడంతో 1991లో అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపివేశారు. మరుసటి ఏడాది హంగరీ నుంచి వచ్చిన ఫలితాలు, మొదటిసారి గర్భం దాల్చేవారికి కూడా ఇది పనిచేస్తుందని చూపాయి. ఈ పదార్థాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికాలోని లెడర్లే అనే మందుల సంస్థ పరిశోధక బృందానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లోనే మరణించిన ఆయనకు, తాము రక్తహీనత కోసం వెతికిన విటమిన్ పసిబిడ్డల వెన్నుపామును కూడా కాపాడుతుందని తెలిసే అవకాశం లేకపోయింది.

ఎవరికి 400 మైక్రోగ్రాములు చాలవో ముందే తెలుసుకోవాలి. ఇదివరకు ఈ లోపంతో గర్భం వచ్చినవారికి, భార్యాభర్తలలో ఎవరికైనా స్పైనా బైఫిడా ఉన్నవారికి, మూర్ఛకు మందులు వాడుతున్నవారికి, మధుమేహం ఉన్నవారికి, బాగా ఊబకాయం ఉన్నవారికి వైద్యులు సాధారణంగా 5 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు. మన షాపులలో తేలికగా దొరికేది కూడా ఈ 5 మిల్లీగ్రాముల మాత్రే. మోతాదును మీరు నిర్ణయించుకోకుండా డాక్టరు చేత రాయించుకోండి. మల్టీవిటమిన్ బిళ్లలను నాలుగైదు కలిపి వేసుకొని ఆ మోతాదుకు చేరాలని మాత్రం చూడకండి, ఎందుకంటే వాటిలో ఉండే విటమిన్ ఎ శ్రుతి మించితే అదే పిండానికి హాని చేస్తుంది. శాకాహారులు బీ12 కూడా పరీక్ష చేయించుకోవాలి; అది తక్కువగా ఉన్నప్పుడు కూడా నాడీ నాళ లోపాల ముప్పు పెరుగుతుంది, పైగా బీ12 లోపం ఉన్నవారు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువగా తీసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తూనే నరాలు లోలోపల దెబ్బతినవచ్చు.

వాడుతున్న మందుల చీటీలన్నీ గర్భానికి ముందే డాక్టరుకు చూపించండి. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు స్పైనా బైఫిడా ముప్పును చాలా పెంచుతుంది. అలాగని దానిని మీ అంతట మీరు ఆపితే మూర్ఛ తిరగబెట్టి తల్లి ప్రాణానికే ప్రమాదం రావచ్చు కనుక, నరాల వైద్యుని పర్యవేక్షణలో నెలల ముందు నుంచే మందు మార్చుకోవాలి. కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ వాడే మెథోట్రెక్సేట్ శరీరంలో ఫోలిక్ యాసిడ్‌కు విరుద్ధంగా పనిచేస్తుంది. దానిని వాడుతూ గర్భం ధరించకూడదు. మధుమేహం ఉన్నవారు చక్కెర అదుపులోకి వచ్చిన తరువాతనే గర్భానికి సిద్ధం కావాలి. గర్భం నిలిచిన తొలి వారాలలో తీవ్రమైన జ్వరం కూడా ముప్పును పెంచుతుంది కాబట్టి దానిని తగ్గించుకోవడంలో అశ్రద్ధ చేయకండి.

తిండి సంగతికి వస్తే, తోటకూర, పాలకూర, పెసలు, శనగలు, కందిపప్పు మంచివే, రోజూ తినవలసినవే. కానీ ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి నీళ్లు వార్చేస్తే అందులోని ఫోలేట్‌లో (ఆహారంలో సహజంగా ఉండే ఈ విటమిన్ రూపంలో) చాలా భాగం పోతుంది. ఆకుకూరలు తింటున్నామన్న ధైర్యంతో మాత్ర మానేయడం సరికాదు. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇంకొక మాట చెప్పాలి. అక్కడ 1998 నుంచి ఫోలిక్ యాసిడ్ తప్పనిసరిగా కలుపుతున్నది ‘ఎన్‌రిచ్డ్’ అని ముద్ర ఉన్న పిండి, రొట్టె, బియ్యం వంటి వాటిలోనే. భారతీయ దుకాణంలో కొనే సోనా మసూరి బియ్యానికీ గోధుమ పిండికీ ఆ నిబంధన వర్తించదు. మూడు పూటలా మన వంటే తినేవారు ఆ దేశపు ఏర్పాటు తమను కాపాడుతుందని అనుకోకుండా మాత్ర వేసుకోవాలి.

గర్భం నిలిచాక: స్కాన్లకు తేదీలు రాసి పెట్టుకోండి

మొదటి ముఖ్యమైన స్కాన్ 11 నుంచి 13 వారాల మధ్య జరగాలి. అనెన్‌సెఫలీని చాలావరకు అప్పుడే గుర్తించవచ్చు. రెండోది మన దగ్గర అందరూ టిఫా అని పిలిచే స్కాన్. దీనిని 18 నుంచి 22 వారాల మధ్య తీస్తారు. వీలైతే 18, 20 వారాల మధ్యనే తీయించుకోండి. అనుమానం వస్తే రెండో అభిప్రాయానికి, గర్భస్థ శిశువు ఎమ్మారైకి, ఉమ్మనీటి పరీక్షకు రెండు మూడు వారాలు సులభంగా గడిచిపోతాయి. 23వ వారంలో తీసిన టిఫాలో లోపం బయటపడితే ఆలోచించుకునే వ్యవధి మిగలదు. పండగ వెళ్లాక చూద్దామనో పుట్టింటికి వెళ్లాక తీయిద్దామనో ఈ స్కాన్‌ను వాయిదా వేయకండి. స్కాన్ చేసేవారు ఫారం ఎఫ్ నింపించుకొని గుర్తింపు కార్డు అడగడం చట్టప్రకారం జరిగే పని. బిడ్డ ఆడా మగా అని అడగడం మాత్రం నేరం.

టిఫాలో వీపునే కాక తలను కూడా జాగ్రత్తగా చూస్తారు. వెన్ను కింద తెరుచుకొని ఉన్నప్పుడు చిన్నమెదడు కిందికి జారి పుర్రె రూపం మారుతుంది. పుర్రె ముందుభాగం నొక్కుకుపోయి నిమ్మకాయలా కనిపించడం, చిన్నమెదడు అరటిపండులా వంగి కనిపించడం 1986 నుంచి వైద్యులకు తెలిసిన గుర్తులు. రిపోర్టులో వెన్నెముక, చిన్నమెదడు, మెదడులోని నీటి గదుల కొలత విడివిడిగా రాశారో లేదో మీరే చదివి చూసుకోండి. ఆ గది వెడల్పు 10 మిల్లీమీటర్లలోపు ఉంటే మామూలుగా భావిస్తారు. బిడ్డ పడుకున్న తీరు వల్ల వెన్ను సరిగా కనబడలేదని రాసి ఉంటే, వారంలోపు మళ్లీ వెళ్లి చూపించుకోవాలి.

లోపం ఉందని చెప్పినప్పుడు

ఆ గదిలోనే ఏ నిర్ణయమూ తీసుకోకండి. మొదట ఫీటల్ మెడిసిన్ (గర్భస్థ శిశు వైద్య) నిపుణుల చేత స్కాన్ మళ్లీ చేయించి, ఈ ప్రశ్నలకు జవాబులు రాయించుకోండి: లోపం ఏ వెన్నుపూస దగ్గర మొదలైంది, దానిపై చర్మం ఉందా లేక తెరుచుకొని ఉందా, వెన్నుపాము కూడా సంచిలోకి వచ్చిందా లేక నీరూ పొరలూ మాత్రమేనా, మెదడులో నీరు ఎంత చేరింది, పాదాలు వంకరగా ఉన్నాయా, గుండె, మూత్రపిండాలు, వేళ్లు ఎలా ఉన్నాయి. నీరూ పొరలూ మాత్రమే ఉన్న మెనింగోసీల్‌కూ, నరాలు కూడా బయటపడిన మైలోమెనింగోసీల్‌కూ బిడ్డ జీవితంలో ఎంతో తేడా ఉంటుంది. లోపం ఎంత కిందికి ఉంటే కాళ్ల బలం అంత మిగులుతుంది. త్రికాస్థి (వెన్ను అడుగున ఉండే ఎముక) దగ్గర ఉన్నవారిలో చాలామంది నడుస్తారు, నడుము కింది పూసల దగ్గరైతే కాళ్లకు బిగించే క్యాలిపర్ల సాయంతో నడుస్తారు, ఛాతీ వెనుక పూసల దగ్గరైతే ఎక్కువమందికి చక్రాల కుర్చీ అవసరమవుతుంది. తెలివితేటలు చాలామందిలో సాధారణ స్థాయిలోనే ఉంటాయి. ఈ మాట స్కానింగ్ గదిలో వినబడదు, అందుకే ఇలాంటి పిల్లలకు ఆపరేషన్లు చేసే న్యూరో సర్జన్‌నో పిల్లల సర్జన్‌నో కలవకుండా గర్భం ఉంచుకోవాలా వద్దా అని తేల్చుకోవద్దని నా గట్టి అభిప్రాయం. అనెన్‌సెఫలీ సంగతి వేరు. ఆ బిడ్డ పుట్టినా గంటలు, మహా అయితే కొద్ది రోజులు మించి బతకదు, దానికి చికిత్స లేదు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు, శిశువులో తీవ్ర లోపం ఉన్నప్పుడు 20 నుంచి 24 వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయం కావాలి. 24 వారాలు దాటాక తీవ్రమైన లోపమని వైద్య మండలి నిర్ధారిస్తేనే అనుమతి వస్తుంది. వయసు నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చట్టానికి అవసరం, భర్త సంతకం గానీ అత్తమామల అంగీకారం గానీ అక్కరలేదు. గర్భాన్ని కొనసాగించాలని ఆమె అనుకుంటే దానినీ ఎవరూ కాదనలేరు.

గర్భంలో ఉండగానే వీపు మూసే శస్త్రచికిత్స కూడా ఉంది. 2011లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 26 వారాలలోపు అలా చేయించుకున్న పిల్లలలో తలలో చేరిన నీటిని తీసే షంట్ అనే గొట్టం అవసరమైనవారు, లేదా ఆ దశకు చేరినవారు, పుట్టాక చేయించుకున్నవారి కంటే బాగా తగ్గారు. కాళ్ల కదలిక కూడా మెరుగైంది. అయితే నెలలు నిండకుండా కాన్పు కావడం, తల్లి గర్భసంచి కోత బలహీనపడడం వంటి ముప్పులున్నాయి. దీన్ని చేయగల కేంద్రాలు తక్కువ, అందరు గర్భిణులకూ ఇది తగదు. వీలుందేమో ఫీటల్ మెడిసిన్ నిపుణులను వెంటనే అడిగి తెలుసుకోండి.

గర్భం ఆపివేయవలసి వచ్చినా, బిడ్డ దక్కకపోయినా, పిండాన్ని పరీక్షకు పంపండి. ఆ దుఃఖంలో ఈ మాట ఎవరికీ తోచదు, కాని తరువాతి గర్భానికి దారి చూపేది ఆ రిపోర్టే. మేనరికం చేసుకున్న దంపతులలో ఇది మరీ అవసరం. తల వెనుక సంచి, పెద్దవైన మూత్రపిండాలలో నీటి బుడగలు, చేతికో కాలికో అదనపు వేలు, ఈ మూడూ కలిసి ఉంటే అది మెకెల్ గ్రూబర్ అనే జన్యు వ్యాధి కావచ్చు. తల్లిదండ్రులిద్దరూ ఆ లోపపు జన్యువును మోస్తున్నప్పుడు ప్రతి గర్భంలోనూ అది మళ్లీ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. దానిని ఫోలిక్ యాసిడ్ ఆపలేదు. జన్యు పరీక్ష చేయించుకుని ఉంటే తరువాతి గర్భంలో 11వ వారం నాటికే తేల్చుకోవచ్చు. హైదరాబాదులో డీఎన్ఏ పరీక్షల కేంద్రమైన సీడీఎఫ్‌డీలోనూ నిమ్స్ ఆసుపత్రిలోనూ వైద్య జన్యుశాస్త్ర విభాగాలున్నాయి. గ్రహణం నాడు బయటికి వచ్చిందనో కత్తి పట్టుకుందనో తల్లిని నిందించే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వారికి ఆ రిపోర్టే సమాధానం.

పుట్టిన మొదటి రెండు రోజులు

బిడ్డకు లోపం ఉందని ముందే తెలిస్తే, న్యూరో సర్జన్, నవజాత శిశు విభాగం ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు జరిగేలా ఏర్పాటు చేసుకోండి. సహజ కాన్పా, ఆపరేషనా అన్నది ప్రసూతి వైద్యులు బిడ్డ తల, సంచి పరిమాణం చూసి నిర్ణయిస్తారు. తెలియకుండా ఊళ్లోనో చిన్న ఆసుపత్రిలోనో అలాంటి బిడ్డ పుడితే 108కి ఫోన్ చేయండి. బిడ్డను బోర్లానో పక్కకు తిప్పో పడుకోబెట్టాలి, వీపు మీద బరువు పడకూడదు. సంచిని స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) సెలైన్‌తో తడిపిన పలుచని కట్టు గుడ్డతో (గాజ్‌తో) కప్పి, అది ఆరిపోకుండా పైన శుభ్రమైన ప్లాస్టిక్ పొర వేయాలి. నొక్కకూడదు, గుచ్చి నీరు తీయకూడదు. పసుపు, నూనె, పౌడరు, మరే పసరూ పెట్టకూడదు. ఒంటికి వెచ్చదనం తగ్గకుండా చుట్టి తీసుకెళ్లండి. తెరుచుకొని ఉన్న వీపును 48 గంటలలోపు మూస్తే మెదడు పొరలకు చీము పట్టే ముప్పు తగ్గుతుంది. ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిరుగుతూ ఆ గంటలు పోగొట్టుకోవడం మన దగ్గర తరచుగా జరిగేదే, కాబట్టి బయలుదేరే ముందే ఫోన్ చేసి సర్జన్ ఉన్నారని నిర్ధారించుకోండి. ఈ శస్త్రచికిత్స ఉన్న నరాలను కాపాడుతుంది. పోయిన బలాన్ని తిరిగి తెచ్చిపెట్టదు.

మొదటి రోజు నుంచే రబ్బరు లేటెక్స్ తగలకుండా చూడమని వైద్య సిబ్బందికి గుర్తుచేయండి. పలుమార్లు ఆపరేషన్లు, కాథెటర్లు అవసరమయ్యే ఈ పిల్లలలో లేటెక్స్ అలర్జీ చాలా ఎక్కువ, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. సిలికాన్ కాథెటర్లు, లేటెక్స్ లేని గ్లౌజులు అడగండి. పుట్టినరోజు బెలూన్లకు కూడా ఇది వర్తిస్తుంది.

తలలో నీరు, షంట్

వీపు మూసిన తరువాత చాలామంది పిల్లలకు మెదడులో నీరు పెరుగుతుంది. ఇంట్లో మీరు చేయవలసింది వారానికోసారి టేపుతో తల చుట్టుకొలత తీయడం. కనుబొమలకు కాస్త పైన మొదలుపెట్టి తల వెనుక బాగా ఉబ్బుగా ఉన్నచోటు మీదుగా తెచ్చి, తేదీతో పుస్తకంలో రాయండి. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల మొదటి మూడు నెలలలో నెలకు సుమారు 2 సెంటీమీటర్లు, తరువాతి మూడు నెలలలో నెలకు 1 సెంటీమీటరు పెరుగుతుంది. అంతకంటే వేగంగా పెరుగుతున్నా, మాడు ఉబ్బి గట్టిపడినా, తల మీద నరాలు తేలినా, కనుగుడ్లు కిందికి వాలి పైన తెలుపు కనిపించినా, బిడ్డ ఊరికే వాంతులు చేసుకుంటూ మగతగా ఉన్నా ఆ రోజే చూపించాలి.

షంట్ అంటే మెదడులోని అదనపు నీటిని చర్మం కింది సన్నని గొట్టం ద్వారా పొట్టలోకి పంపే అమరిక. మన దేశంలో తయారయ్యే ఛాబ్రా షంట్‌ను ఖరీదైన విదేశీ షంట్‌తో ఉగాండాలో పోల్చి చూసినప్పుడు, ఏడాది తరువాతి ఫలితాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ధర చూసి బెంగపడకండి. ఏ షంట్ వేశారు, ఏ తేదీన వేశారు అన్నది కాగితం మీద రాయించుకొని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. షంట్ మూసుకుపోవడం, చీము పట్టడం అరుదు కాదు. తలనొప్పి, వాంతులు, మగత, మెల్లకన్ను, జ్వరం, గొట్టం వెంబడి ఎరుపు, బడిలో ఉన్నట్టుండి చదువు మందగించడం వంటివి కనిపిస్తే షంట్‌నే మొదట అనుమానించండి. వైరల్ జ్వరమని మూడు రోజులు వేచి చూడకండి.

మూత్రం సంగతి: అందరూ వెనక్కు నెట్టే విషయం

కాళ్ల గురించి పడే ఆరాటంలో సగమైనా మూత్రపిండాల గురించి పడితే ఎంతోమంది పిల్లలు పెద్దయ్యాక డయాలిసిస్ దాకా వెళ్లరు. ఈ లోపం ఉన్న బిడ్డలో మూత్రాశయానికి వెళ్లే నరాలు దాదాపు ఎప్పుడూ దెబ్బతినే ఉంటాయి. మూత్రపు సంచి గట్టిగా బిగుసుకుంటున్నా కింది కండరం వదలకపోతే లోపల పీడనం పెరిగి మూత్రం వెనక్కి కిడ్నీల వైపు తన్నుతుంది. నొప్పి ఉండదు కనుక ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. డైపర్ తడుస్తోంది కాబట్టి మూత్రం బాగానే వస్తోందని అనుకోవడం పొరపాటు. నిండిన సంచి పొంగి కారేది కూడా అలాగే తడుపుతుంది. వీపు ఆపరేషన్ అయిన ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే ముందే కిడ్నీల స్కాన్, మూత్రం పోశాక సంచిలో ఎంత మిగులుతోందన్న పరీక్ష చేయించండి. మూడు నెలల ప్రాంతంలో, మూత్రపు సంచి లోపలి పీడనాన్ని కొలిచే యూరోడైనమిక్ పరీక్ష ఎక్కడ చేస్తారో అడిగి తెలుసుకోండి.

దీనికి ముఖ్యమైన చికిత్స శుభ్రమైన సన్నని గొట్టంతో వేళకోసారి మూత్రం తీయడం. ఆసుపత్రులలో దీనిని సీఐసీ అంటారు. ఇంట్లో చేయడానికి ఆపరేషన్ గదిలో ఉండేంత స్టెరైల్ పద్ధతి అవసరం లేదనీ, మామూలు శుభ్రత చాలనీ అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ 1972లో చూపించిన తరువాత తల్లిదండ్రులు ఇంట్లోనే చేయగలుగుతున్నారు. మొదటిసారి నర్సు దగ్గర చూసి, ఆమె ఎదుట మీరు చేసి, ఆ తరువాతే ఇంటికి రండి. చేతులను సబ్బుతో కడుక్కోండి, బిడ్డ మూత్రద్వారాన్ని నీటితో శుభ్రం చేయండి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కే తుడవాలి. గొట్టం కొనకు జెల్లీ రాసి నెమ్మదిగా లోపలికి పంపండి. మగపిల్లలలో మధ్యలో ఒకచోట అడ్డు తగులుతుంది. అక్కడ బలవంతం చేయకుండా కొద్దిసేపు ఆగితే కండరం సడలి దారి ఇస్తుంది. మూత్రం రావడం మొదలయ్యాక మరికాస్త లోపలికి పంపి, ధార పూర్తిగా ఆగే దాకా ఉంచి, మెల్లగా బయటికి తీస్తున్నప్పుడు మళ్లీ వస్తే అక్కడే ఆపండి. వాడిన గొట్టాన్ని మళ్లీ వాడమని డాక్టరు చెప్పి ఉంటే సబ్బునీటితో లోపలా బయటా కడిగి, ఆరబెట్టి, మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో పెట్టండి. పగలు మూడు నాలుగు గంటలకోసారి ఇది జరగాలి. పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ సెలవు లేదు. చేతుల వాడకం బాగున్న పిల్లలు ఆరేడేళ్ల వయసు నుంచి తామే చేసుకోవడం నేర్చుకోగలరు.

మూత్రపు సంచి పీడనం తగ్గించడానికి ఆక్సీబ్యుటినిన్ అనే మందు ఇస్తారు. అది చెమటను తగ్గిస్తుంది కాబట్టి మన ఎండాకాలంలో బిడ్డ ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది. మే నెల మధ్యాహ్నాలు నీడలో ఉంచి నీళ్లు తరచుగా పట్టించండి. మూత్రంలో సూక్ష్మజీవులు కనిపించాయని, జ్వరం గానీ ఇతర బాధ గానీ లేకపోయినా ప్రతిసారీ యాంటీబయాటిక్ వాడితే చివరికి ఏ మందుకూ లొంగని సూక్ష్మజీవులు మిగులుతాయి. జ్వరం, వాంతులు, నడుములో నొప్పి తోడైతే మాత్రం ఆలస్యం చేయరాదు. ఏటా కనీసం ఒకసారి కిడ్నీల స్కాన్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష జరగాలి. మలబద్ధకం మూత్రాశయాన్ని మరింత పాడు చేస్తుంది. భోజనమైన అరగంటలోపు రోజూ ఒకే వేళకు కూర్చోబెట్టడం అలవాటు చేసి, అది చాలకపోతే ఎనిమా పద్ధతి గురించి సర్జన్‌ను అడగండి.

కాళ్లు, చర్మం, బడి

వంకర పాదాలకు పోన్సెటి పద్ధతిలో ప్లాస్టర్ కట్లు వేయడం తొలి వారాలలోనే మొదలుపెట్టవచ్చు. స్పర్శ లేని పాదాలకు ఎండలో కాలిన బండలు, మోటారు సైకిలు సైలెన్సరు, చెప్పులో చిన్న రాయి పెద్ద ప్రమాదాలే. పడుకునే ముందు అరికాళ్లు, పిరుదులు, మోకాళ్లు దీపం వెలుగులో చూడడం ఇంట్లో ఒకరి బాధ్యతగా పెట్టుకోండి. ఎదిగే వయసులో నడక ఉన్నట్టుండి క్షీణించినా, మూత్రం కారడం పెరిగినా, నడుము నొప్పి వచ్చినా, వెన్ను వంకర పోతున్నా వెన్నుపాము కింద అతుక్కుపోయి సాగుతోందేమో ఎమ్మారైతో చూడాలి. పైకి ఏ సంచీ లేని పిల్లలలో కూడా ఈ అతుకు ఉండవచ్చు. నడుము మధ్యన వెంట్రుకల కుచ్చు, కొవ్వు గడ్డ, ఎర్రని మచ్చ, లోతైన గుంట ఉంటే అశ్రద్ధ చేయకండి. మలద్వారానికి దగ్గరగా, అడుగు కనిపిస్తూ ఉండే చిన్న గుంట మాత్రం సాధారణంగా హానిచేయదు.

2013లో మొదలైన జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో నాడీ నాళ లోపం కూడా ఉంది. పద్దెనిమిదేళ్ల వరకు జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్స కేంద్రంలో పేరు నమోదు చేయించండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆపరేషన్‌కు ఏ ఆసుపత్రిలో అనుమతి ఉందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ల వరకు ఉచిత విద్యకు హక్కు ఉంది. బడిలో చేర్చేటప్పుడు ప్రధానోపాధ్యాయులతో మాట్లాడవలసిన మొదటి విషయం మెట్లు కాదు, తలుపు గడియ పడే ఒక మరుగుదొడ్డి, అందులో నీళ్లు, మధ్యాహ్నం పది నిమిషాల వ్యవధి. అవి లేక సీఐసీ ఎగ్గొట్టే పిల్లల కిడ్నీలే ముందు పాడవుతాయి.

మరో బిడ్డ కావాలనుకున్నప్పుడు

ఒక బిడ్డకు ఈ లోపం వచ్చిన దంపతులకు మళ్లీ వచ్చే అవకాశం నూటికి రెండు నుంచి నాలుగు వరకు ఉంటుంది. ఇద్దరు బిడ్డలకు వచ్చి ఉంటే అది ఇంకా పెరుగుతుంది. గర్భ నిరోధం ఆపడానికి కనీసం ఒక నెల ముందే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ రాయించుకొని పన్నెండు వారాలు నిండే దాకా వాడండి, తరువాత మామూలు మోతాదుకు మారండి. మొదటి బిడ్డ స్కాన్, ఆపరేషన్, పిండ పరీక్ష కాగితాలన్నీ ఒకే ఫైలులో పెట్టి తొలి సందర్శనలోనే చూపించండి. 11 నుంచి 13 వారాల స్కాన్, 16 నుంచి 18 వారాల మధ్య ఈ లోపాన్ని సూచించే ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష, 18వ వారంలో టిఫా, ఈ మూడింటికీ ఆ రోజే తేదీలు తీసుకోండి. మీ అక్కచెల్లెళ్లకు, మీ భర్త అక్కచెల్లెళ్లకు కూడా ఈ సంగతి చెప్పి, వారూ గర్భానికి ముందే డాక్టరును అడిగి తమ మోతాదు తెలుసుకునేలా చూడండి.